భరించేదెవరు?

మన సీరియల్ నవలల్లో నాయిక ఎప్పుడు చూసినా 'భారంగా' నిట్టూరుస్తుంది. గుండె బరువెక్కుతుంది, కళ్ళు బరువెక్కుతాయి, అడుగులు భారంగా పడతాయి. ఇన్ని బరువులు మోసే ఆ అమ్మాయి చేతిలో నీళ్ళబిందె మాత్రం ఒక్కనాడూ కనిపించదు!

ఈ భారం అనే మాటకి చుట్టరికం పెద్దదేనండోయ్. సంస్కృతంలో 'భృ' ధాతువుకి మోయడం, పోషించడం రెండర్థాలూ ఉన్నాయి. భారం, భరణం, భర్త, భార్య అంతా ఆ ఇంటివాళ్ళే. లాటిన్‌లో 'ఫెర్రె', ఇంగ్లీషులో 'బేర్' కూడా దాయాదులేనని భాషాశాస్త్రజ్ఞులు తేల్చారు. అక్కడా అంతే, మోయడానికీ ఓర్చుకోవడానికీ ఒకటే మాట. బరువైనదాన్ని చెప్పే లాటిన్ 'గ్రావిస్' మన 'గురు' శబ్దానికి చుట్టం. దాన్నుంచే గర్భిణికి 'గ్రావిడా' అని పేరు పెట్టారు. మోయడమంటే ఎవరికి బాగా తెలుసో రోమువాళ్ళు గ్రహించారన్నమాట! మన పండితులేమో భరించేవాడు భర్త, భరింపబడేది భార్య అని వ్యుత్పత్తి చెప్పి ఊరుకున్నారు. నవమాసాలు మోసిందెవరో వాళ్ళనడగాలి.

అసలైన బరువుకి తెలుగులో దేని పేరు దానికుంది. గడ్డయితే మోపు, బట్టలైతే మూట, మట్టయితే తట్ట, కూరగాయలైతే గంప, భుజాన వేసుకుంటే కావడి. (చాడీలు మోయడానికి మాత్రం ఏ సరంజామా అక్కర్లేదు.) ఇన్ని మాటలుండగా 'భారంగా' అనే ఒక్కదాన్ని పట్టుకు వేలాడటం నాకు బద్ధకంగానే తోస్తుంది.

పాల్కురికి సోమనాథుడికి ఆ బద్ధకం లేదు. ఒకప్పటి వరంగల్లు జిల్లా పాలకుర్తి ఆయన ఊరంటారు. జానుతెనుగే కావాలని పట్టుబట్టి బసవపురాణం ద్విపదలో రాశాడు. అందులో బెజ్జమహాదేవి శివుడికి తల్లి లేదే అని దిగులుపడి తానే తల్లవుతుంది. నీళ్ళుపోస్తుంది, పాలుపడుతుంది. ఆ ప్రేమంతా చేసే చాకిరీలోనే తెలుస్తుంది మనకి.

ఆ పాలకుర్తిలోనే చాకలి ఐలమ్మ ఉండేది. 1940లలో ఆమె కౌలుకు చేసిన పొలంలో పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు దక్కించుకోబోతే, సంఘంవాళ్ళు కోతకోసి ధాన్యం ఆమె ఇంటికి చేర్చారు. ఊరి మూటలు మోసే కులంలో పుట్టిన మనిషి ఇంటికి మరొకరు బరువు మోసుకొచ్చిన రోజది! 1985లో పోయేదాకా ఆమె పేరు చెప్పుకోని ఊరు ఆ చుట్టుపక్కల ఉందంటే నమ్మను.

ఆమె మీద నవల రాసేవాళ్ళెవరైనా 'భారమైన హృదయంతో' అని మొదలుపెట్టారో, రెండో పేజీ తిప్పను నేను.