అడ్డు ఎక్కడుంది?

మూడేళ్ల కిందట మా బడికి ఒక సర్వే వచ్చింది. ఇద్దరు కుర్రాళ్లు, చేతుల్లో ట్యాబులు, మెడలో కార్డులు. మర్యాదస్తులే. పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి తెలుగు పేరా చదివించారు, లెక్కలు అడిగారు. ఐదో తరగతి అమ్మాయి ఒకతెను ఇరవై నాలుగు పండ్లను ఆరుగురికి సమానంగా పంచగా ఒక్కొక్కరికి ఎన్ని లభించును అని అడిగారు. ఆ పిల్ల నేల చూపులు చూసింది. భాగహారం రాదని ట్యాబులో నొక్కేశారు.

వాళ్లు వెళ్లాక అదే లెక్క నేను సవరలో అడిగాను. నా మాట పూర్తి కాకముందే నాలుగు అంది. వారం వారం సంతలో నాయనమ్మ పక్కన కూచుని అనాస పళ్లు అమ్మే పిల్ల అది. చిల్లర దగ్గర దాన్ని ఎవరూ మోసం చెయ్యలేరు.

కొన్నాళ్లకి నివేదిక వచ్చింది. గిరిజన పిల్లలు చదువులో వెనకబడటానికి ప్రధాన కారణం తల్లిదండ్రుల్లో అవగాహన లేకపోవడమేనని అందులో తేల్చారు. మన మీద వచ్చిన నివేదికలు నేను చాలా చదివాను. మలేరియా మీదైనా, పోషకాహారం మీదైనా, చివరి పేజీలకి వచ్చేసరికి ఈ అవగాహన లోపమే ఎదురవుతుంది. నా అభ్యంతరం ఈ మాట మీదే.

టీచర్ ట్రైనింగులో లీబిగ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త గురించి ఒక పాఠం ఉండేది. మొక్కకి కావలసిన పోషకాల్లో ఏది అన్నిటికంటే కొరతగా ఉందో, పంట దాని మీదే ఆగిపోతుంది. మిగతావి ఎంత పోసినా దండగ. మా నాన్నకి లీబిగ్ తెలీదు. కానీ గెడ్డ నీళ్లు మెట్టుమళ్లకి రాకపోతే కాలువ పొడుగునా తవ్వుకుంటూ పోయేవాడు కాదు. ముందు నడిచి, రాయి ఎక్కడ అడ్డుపడిందో చూసేవాడు. పరిశోధన కూడా అంతే. ప్రతి రంగంలో ఒక అడ్డు ఉంటుంది. అదేమిటో కనుక్కోవడమే సగం పరిశోధన.

మలేరియా సంగతే చూడండి. దోమకీ ఈ జ్వరానికీ సంబంధం ఉందేమోనన్న ఊహ 1894 నాటికే మాన్సన్‌కి ఉంది. రోనాల్డ్ రాస్ 1895లో సికింద్రాబాద్ వచ్చాడు. ఆయన దగ్గర సూక్ష్మదర్శిని ఉంది, జ్వరం రోగులున్నారు, ఓపిక ఉంది. రోగుల్ని దోమలతో కుట్టించి, ఆ దోమల్ని కోసి చూసేవాడు. మధ్యలో కలరా పని మీద బెంగుళూరు వెళ్లాడు, తిరిగొచ్చి మళ్లీ కోశాడు. ఏమీ కనపడలేదు. కొరత దేంట్లో ఉంది? ఆయన కోస్తున్న దోమలు వేరే జాతివి. మన దేశపు దోమల రకాల గురించి ఆయన చేతిలో సరైన పుస్తకమే లేదు. 1897 ఆగస్టులో ఆయన కింద పనిచేసే మనుషులు రెక్కల మీద మచ్చలున్న దోమల్ని తెచ్చి ఇచ్చారు. హుసేన్ ఖాన్ అనే రోగి దోమకి ఒక అణా చొప్పున తీసుకుని తన ఒంటి మీద కుట్టించుకున్నాడు. ఆగస్టు 20న ఆ దోమ కడుపు గోడలో రాస్‌కి మలేరియా క్రిమి కనపడింది. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. దోమలు పట్టి తెచ్చిన వాళ్ల పేర్లు మనకి పాఠాల్లో కనపడవు.

ఆ రెండేళ్లలో రాస్ కూడా రోగులకి అవగాహన లేదు, సహకరించడం లేదు అని రాసి ఊరుకుని ఉండొచ్చు. నిజానికి దోమ కాటుకి ఒప్పుకోని రోగులు చాలామందే ఉండి ఉంటారు. కానీ అడ్డు వాళ్ల దగ్గర లేదు. అడ్డు తీశాక అది ఇంకోచోటికి జరుగుతుందన్న సంగతి కూడా ఇక్కడే చూడాలి. మైదానంలో ఒక దోమ, కొండల్లో ఇంకొకటి. మన తూర్పు కనుమల్లో ముఖ్యమైన అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ మెల్లగా పారే గెడ్డల్లో పెరుగుతుంది. మురుగ్గుంటలు పూడ్చమని పట్నంలో రాసిన పోస్టరు తెచ్చి మా ఊరి గోడకి అంటిస్తే ఏం ఉపయోగం?

ఇదే మలేరియా మన భాష చరిత్రలోకీ వచ్చింది. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో బడిపంతులు. సవర నేర్చుకుందామంటే ఆయనకి ఒక్క పుస్తకం లేదు, నేర్పే బడి లేదు. ఉన్నదల్లా మాట్లాడే మనుషులు. ఆ మనుషుల్నే ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నాడు, సవర కొండల్లో తిరిగాడు. జ్వరం పట్టింది. వాడిన క్వినైన్ వల్ల చెవులు పోయాయి. మాటల్ని చెవితో పట్టి రాసే మనిషికి చెవులు పోవడం! అయినా 1931లో సవర భాషా వివరణ గ్రంథం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. ఏటా ఆగస్టు 29న తెలుగు కోసం ఆయన ఫొటోకి దండ వేస్తాం. మా మండలంలో జరిగిన ఆ సభల్లో సవర మాట ఎత్తినవాళ్లని నేను ఇద్దరినే చూశాను. అందులో ఒకడిని నేనే.

గిడుగు చేసిన పనిలో కొరత పడింది డబ్బు కాదు, తెలివీ కాదు. ఏళ్ల తరబడి కూచుని వినే మనిషి కొరత. మూడు రోజులకి వచ్చి రెండు వందల ప్రశ్నలు నింపుకుని పోయే సర్వే ఆ కొరతని తీర్చలేదు.

ఇక్కడ మన వాళ్లని కూడా అనాలి. మంగేయి గొమాంగో 1936లోనే సొరాంగ్ సొంపెంగ్ లిపి తయారుచేశాడు. 2012లో అది యూనికోడ్‌లోకీ వచ్చింది. అయినా మనం సభ పెట్టినప్పుడల్లా లిపి మీదే గంటల కొద్దీ వాదించుకుంటాం. తెలుగు లిపిలో రాయాలా, సొంత లిపిలోనా అని. ఏ లిపిలోనైనా సరే, మా బడి బీరువాలో పిల్లలు చదువుకునే సవర కథల పుస్తకాలు ఒక అరకి సరిపోవు. అడ్డు లిపి దగ్గర లేదు, రాసేవాళ్ల దగ్గర ఉంది. అంటే మన దగ్గర. ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు వేసినప్పుడు మా బడికీ వచ్చాయి. పుస్తకం ఉంది, చెప్పగలిగిన టీచరుకి బదిలీ అయింది. కట్టలు విప్పకుండానే చెదలు పట్టాయి.

సికిల్ సెల్ గురించి రెండు మాటలు. ఆ జబ్బు మూలం హిమోగ్లోబిన్‌లో ఉందని 1949లోనే పౌలింగ్ బృందం తేల్చింది. 1952లో నీలగిరి ఆదివాసుల్లో దాన్ని గుర్తించారు. 2023లో మొదలైన జాతీయ కార్యక్రమం 7 కోట్ల మందికి పరీక్ష చేయాలని పెట్టుకుంది. మంచిదే. కానీ రక్తం తియ్యడం దీనిలో తేలిక భాగం. జబ్బు ఉన్న మనిషికీ, ఊరికే వాహకుడైన మనిషికీ తేడా ఏమిటో సవరలో చెప్పమంటే నేనే మూడుసార్లు తడబడ్డాను. ఆ తేడా సరిగా చెప్పకపోతే ఆరోగ్యంగా ఉన్న ఆడపిల్లకి సంబంధాలు తప్పిపోతాయి. ఎన్ని పరీక్షలు చేశామన్న లెక్క పైకి వెళ్తుంది. ఎంతమందికి అర్థమయ్యేలా చెప్పామన్న లెక్క అడిగేవాళ్లు లేరు.

అవగాహన లోపం అనే మాట పరిశోధకుడికి ఎందుకు నచ్చుతుందో ఇప్పుడు నాకు తెలుసు. అడ్డు మనలో ఉందంటే అతను తన ప్రశ్నాపత్రం మార్చుకోనక్కర్లేదు, భాష నేర్చుకోనక్కర్లేదు, ఇంకో వారం ఉండనక్కర్లేదు. రాస్ దోమని మార్చాడు. వీళ్లు దోమని మార్చరు.

పోయిన ఏడాది మళ్లీ ఒక కుర్రాడు వచ్చాడు. ఇంటి భాష అన్న గడిలో పిల్లలందరికీ తెలుగు అని ముందే నింపి ఉంది. మార్చమన్నాను. జాబితాలో సవర లేదు మాష్టారూ, ఇతరములు అని ఉంది అన్నాడు. అదే నొక్కమన్నాను. కాసేపటికి అతనే వచ్చి, ఈ పిల్లాడు మాట్లాడటం లేదు, మీరు ఒకసారి అడుగుతారా అన్నాడు. అడిగాను. పిల్లాడు గడగడా చెప్పేశాడు. ఆ జవాబు పెట్టడానికి ట్యాబులో చోటు లేకపోతే, అతను జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు.