చెరువుకు నీరిచ్చే గీత

సర్వే ఆఫ్ ఇండియా వారి 65 జె/9 పటం షీటులో ఒడిశాలోని జయపురం, కోరాపుట్ రెండూ పడతాయి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తును ఆదుకున్న విక్రమదేవ వర్మ ఏలిన జయపురమే ఇది. స్కేలు 1:50,000, పటం మీద రెండు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. పడమట ఊరిని ఆనుకుని జగన్నాథ సాగరం చెరువు. తూర్పున, కొండల పైన కోరాపుట్. ఈ రెంటి నడుమ, ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గోధుమరంగు కాంటూరు గీతలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ సాగుతాయి. గీతకీ గీతకీ 20 మీటర్ల ఎత్తు తేడా. గీతలు చిక్కబడిన చోట కొండ నిటారుగా దిగిపోతుంది, విడివడిన చోట పొలాలు పరుచుకుంటాయి. ఎగువ కొలాబ్ జలాశయం నీరు ఈ వాలు దిగుతూనే 320 మెగావాట్ల కేంద్రాన్ని నడుపుతోంది.

ఇలాంటి పటాన్ని నేను పెన్సిలుతో చదువుతాను. పైన ట్రేసింగ్ కాగితం పరిచి, ముందు వాగులన్నీ దిద్దుతాను. కాంటూరు మడత కొస ఎత్తు వైపు చూస్తే అది లోయ, పల్లం వైపు చూస్తే కొండ వెన్ను. వెన్నులన్నీ కలుపుకుంటూ పోతే చెరువు చుట్టూ ఒక గీత తేలుతుంది. దానికి ఇవతల పడిన చినుకు చెరువుది, అవతల పడింది మరో వాగుది. గట్టెంత బలంగా కట్టినా, ఆ గీత లోపలి వాలు చెడితే చెరువు మిగలదు.

పక్క షీట్లు కూడా చేరిస్తే మన ఊళ్లే కనిపిస్తాయి. కొలాబ్ నది దిగువకొచ్చి శబరి అవుతుంది, కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఇంద్రావతి చేరేదీ గోదావరినే. రాయగడ మీదుగా వచ్చే నాగావళి శ్రీకాకుళం దాటి సముద్రంలో పడుతుంది. 1936 ఏప్రిల్ 1న కోరాపుట్ మద్రాసు ప్రెసిడెన్సీని విడిచి ఒరిస్సాలో చేరింది. నీళ్లు మాత్రం పాత దారినే మనకొస్తున్నాయి. అక్కడి వాలు మీద చెట్టు పోతే ఇక్కడి నది బురదెక్కుతుంది.

అందుకే నా కోరిక ఒకటే. ఈ షీట్లు ఇప్పుడు సర్వే ఆఫ్ ఇండియా సైటులో ఉచితంగా దొరుకుతున్నాయి. ప్రతి హైస్కూల్లో సోషల్ మాస్టారు తమ ఊరి షీటు పిల్లల ముందు పరిచి, ఊరి చెరువుకు నీరిచ్చే గీతను వాళ్ల చేతే గీయించాలి. ఆ గీత సొంతంగా గీసిన పిల్లలు, రేపు చెరువు గర్భంలో ప్లాట్లు వేస్తామని ఎవరైనా వస్తే, నీరెటు పోతుందని అడగగలరు.