బ్రిటిషు చలనచిత్రములలో భారతీయుని రూపము, వాణి

హొసకోటె ప్రాంతపు తెలుగువాడు ఇంట తెలుగును, అంగడిలో కన్నడమును, అవసరమైనచో ఇంగ్లీషును మాటాడును. ఇందేది వాని నిజస్వరూపమని యడుగుట పొసగదు. బ్రిటిషు చలనచిత్రములు భారతీయుని చిత్రించిన తీరును పరీక్షించుటకు ఈ సామాన్యవిషయమే గీటురాయి. ఆ చిత్రములు చిరకాలము మన రూపమును గ్రహించినవి, వాణిని గ్రహింపలేదు.

దీనికి తొలి నిదర్శనము మైసూరు సీమలోనే గలదు. కిప్లింగు కథ నాధారము చేసికొని 1937లో వెలువడిన 'ఎలిఫెంట్ బాయ్' చిత్రమున నాయకుడు సాబూ. మైసూరు సంస్థానమునందలి మావటివాని కుమారుడు. ఏనుగునెక్కు నపుడు ఆ బాలునియందు నటన కానరాదు. అది వాని కులవిద్య. ఆ సహజత్వము నేటికిని ముచ్చట గొలుపును. కాని నోరు తెరచినచో ఇంగ్లీషే. మరుసటి యేట 'ది డ్రమ్' చిత్రమున అదే బాలుని వాయవ్యసరిహద్దు రాకుమారునిగా నిలిపిరి. మైసూరునకును పఠానుల సీమకును గల దూరము లండను నిర్మాతకు లెక్కకు రాలేదు! సామ్రాజ్యప్రశస్తియే పరమార్థమైన ఆ చిత్రముపై బొంబాయిలో నిరసన చెలరేగినది. అదే 1938లో గూడవల్లి రామబ్రహ్మముగారు చలము కథతో 'మాలపిల్ల'ను తీసి, తెలుగు సంఘమును తెలుగులోనే నిలదీసిరి.

డేవిడ్ లీన్ 1984లో అందించిన 'ఎ పాసేజ్ టు ఇండియా' ఇంతకంటె గంభీరమైన కృతి. ఫార్స్టరు నవలలోని మారబారు గుహలకు మూలము బీహారునందలి బరాబరు కొండలు. చిత్రమున వానికి బదులు బెంగళూరు సమీపమందలి సావనదుర్గపు బండలు నిలిచినవి. ఇది దోషము గాదు. చలనచిత్రమునకు ఆ స్వేచ్ఛ గలదు. దోషము గాడ్బోలే పాత్రమునందున్నది. బ్రాహ్మణ పండితుని వేషము ఆంగ్లనటుడు అలెక్ గిన్నెస్‌కు ముఖమునకు రంగు పూసి కట్టిరి. ఎంతటి నటుడైనను, అజీజు పాత్రధారియగు విక్టర్ బెనర్జీ ప్రక్కన నిలిచినపుడు ఆ వేషము వేషముగనే మిగిలినది.

అయినను న్యాయస్థానఘట్టము మరపురానిది. మూరు దొరసాని పేరు బయటి జనసమూహమున మంత్రమువలె మారుమ్రోగును. నవలలో ఆ పేరు జనుల యుచ్చారణలో రూపు మారి దేవతానామమే యగును. రాయలసీమవారికిది వింత గాదు. థామస్ మన్రో దొరను మండ్రోలయ్యగా జేసికొని, ఆ పేరు బిడ్డలకు పెట్టుకొన్నవారు గదా! పరుని పేరును సైతము తమ నోటికి లొంగదీసికొనుటలో ప్రజల స్వత్వము తెలియును.

నైరోబీలో జన్మించి లండనులో పెరిగిన గురీందర్ చద్దా 2002లో తీసిన 'బెండ్ ఇట్ లైక్ బెకమ్' ఇంటిలోపలినుండి చూచిన చిత్రము. కథ ముగింపు మిక్కిలి సులువుగ కుదిరినది. చిక్కులన్నియు ఒక్క పెండ్లి సందడిలో విడిపోవుట నమ్మదగినదిగా లేదు. పైగా ఇట్టి ప్రసిద్ధచిత్రములలో భారతీయ కుటుంబమనగా తరచుగ పంజాబీ కుటుంబమే. కాని అందలి తండ్రి పాత్ర సత్యమైనది. నైరోబీలో మేటి బౌలరుగా వెలసినవానిని ఇంగ్లండులోని క్రికెట్టు సంఘములు తలపాగాను పరిహసించి వెలివేసినవి. కూతురు ఫుట్‌బాలు ఆడరాదని వారించుట మూఢాచారముచేత గాదు. తాను పొందిన అవమానము బిడ్డకు కలుగరాదను భయముచేత. ఆ యింట పెద్దలు పంజాబీ కలిపి మాటాడుదురు. కూతురు లండను యాసలో బదులు పలుకును.