హెర్మన్ కొండ మీది నల్ల ద్రాక్ష

నార్టన్ మిస్సోరీ ద్రాక్ష. 2003లో ఆ రాష్ట్రం దాన్ని అధికారికంగానూ తనదిగా ప్రకటించుకుంది. అయినా ఈ వారం సెయింట్ లూయిస్‌లో ఒక పెద్ద హోటల్ వైన్ జాబితా తిరగేస్తే ఒక్క నార్టన్ లేదు. ఉన్నవన్నీ కాలిఫోర్నియా సీసాలే. గంటన్నర దూరంలో పండే పంటకు సొంత ఊళ్లోనే చోటు లేకపోవడం అన్యాయం. ప్రాజెక్టు పని మీద ఆరు నెలలకో ఏడాదికో అక్కడికి వెళ్లే తెలుగువాళ్లలో ఎక్కువమంది ఆ పేరు వినకుండానే తిరిగొస్తారు. ఉద్యోగం ఏ ఊళ్లో పడితే ఆ ఊరి పంట రుచి చూడాలి, బోర్డో వైన్ల కొలబద్దను ఇంటి దగ్గరే వదిలి వెళ్లాలి అన్నది ఈ శీర్షిక పాఠకులకు కొత్త మాట కాదు.

సెయింట్ లూయిస్‌కు పడమరగా, మిస్సోరీ నది ఒడ్డున హెర్మన్ ఉంది. 1830లలో జర్మన్ వలసదారులు కట్టుకున్న ఊరు. నిటారుగా లేచే కొండవాలు మీద మామూలు పంటలు కుదరక ద్రాక్ష నాటారు. స్టోన్ హిల్ వైనరీ 1847లో మొదలై, ఆ శతాబ్దం చివరికి దేశంలోని పెద్ద వైనరీల్లో ఒకటయింది. 1920లో మద్యనిషేధం రావడంతో అంతా ఆగిపోయింది. రాతి కమానుల కింద పీపాలు నిలిచిన నేలమాళిగల్లో పుట్టగొడుగులు పెంచారు. 1965లో ఒక రైతు కుటుంబం వాటిని శుభ్రం చేసి మళ్లీ వైన్ చేయడం మొదలుపెట్టింది. 1980లో అమెరికా ప్రభుత్వం మొట్టమొదటి ద్రాక్ష మండలంగా గుర్తించింది కూడా ఈ నది ఒడ్డునే ఉన్న అగస్టాను. నాపా వంతు ఆ తర్వాతే వచ్చింది.

నార్టన్‌ను గ్లాసులో పోసి తెల్ల కాగితం మీదికి వంచితే అంచు దాకా నేరేడుపండు రంగే. రెండు గుక్కలకే నాలుక, పళ్లు ఊదా రంగుకు తిరుగుతాయి. పులుపు గట్టిగా తగులుతుంది, వగరు తక్కువ. సీసా తీయగానే కాస్త మట్టి వాసన ముందుకొస్తుంది. గాజు కూజాలోకి వంపి గంటసేపు ఉంచితే నల్లని పండ్ల వాసన పైకి తేలుతుంది. తొందరపడి తొలి గుక్కకే పక్కన పెట్టేవాళ్లు దాని మంచి భాగాన్ని చూడనట్టే. తినే పదార్థం కన్నా వైన్‌లో పులుపు తక్కువైతే వైన్ చప్పబడుతుంది. అందుకే గోంగూర మాంసం ముందు చాలా ఎర్ర వైన్లు నిలవవు, నార్టన్ నిలుస్తుంది. అయితే కూరలో కారం తగ్గించాలి. ఆల్కహాలు మంటను పెంచుతుంది. వారాంతంలో వైనరీకి కారు వేసుకుని వెళ్లేవాళ్లు రుచి చూసి ఉమ్మేయడం నేర్చుకోవాలి. అక్కడ అదేమీ అమర్యాద కాదు, బల్ల మీద అందుకోసమే పాత్ర ఉంటుంది.

ఈ తీగకు ఒక మొండితనం ఉంది. ఆకు రాల్చిన కొమ్మను కత్తిరించి గుచ్చితే సులువుగా వేరు పోయదు. పాతకాలం రైతులు కొమ్మను వంచి, నేల అంటు తొక్కి, వేరు పట్టాకే తల్లి నుంచి కోసేవారు. అంత అతుక్కుని ఉండే ఈ తీగే మిస్సోరీ మట్టి బిడ్డ అనుకోవడం సహజం. కానీ ఇది మొలిచింది వర్జీనియాలో. 1820లలో రిచ్‌మండ్ వైద్యుడు డేనియల్ నార్టన్ తోటలో పెరిగింది. జన్యు పరీక్షల్లో అమెరికా అడవి ద్రాక్షతో పాటు యూరప్ ద్రాక్ష జాడా కనబడింది. వర్జీనియా తీగ, జర్మన్ చేతులు, మిస్సోరీ కొండ. ఊరి సొంత పంట అని ఇన్నాళ్లు ఇక్కడ రాసిన మాటను కొంత దిద్దుకోవాలి.

మిస్సోరీ నేల నుంచి బయటికి వెళ్లినవీ ఉన్నాయి. 19వ శతాబ్దం రెండో సగంలో ఫిల్లాక్సెరా అనే వేరు పేను ఫ్రాన్స్ తోటలను ఎండబెట్టింది. మిస్సోరీ కీటక శాస్త్రవేత్త చార్లెస్ రైలీ ఆ పురుగు అమెరికాదేనని రుజువు చేయడంలో తోడ్పడ్డాడు. పేనును తట్టుకునే అమెరికా వేర్ల మీద ఫ్రెంచి కొమ్మలను అంటు కట్టడమే మందు అయింది. మిస్సోరీ, టెక్సస్‌ల నుంచి ఓడల్లో కొమ్మలు వెళ్లాయి. ఆ పనిలో పాలుపంచుకున్న టెక్సస్ రైతు శాస్త్రవేత్త టి.వి. మన్సన్‌ను 1888లో ఫ్రాన్స్ సత్కరించింది.

టెక్సస్ అడవి తీగల్లోంచి మన్సన్ ఏరిన ఒక రకం పేరు డాగ్‌రిడ్జ్. నీటి ఎద్దడిని, ఉప్పు నేలను ఓర్చుకుంటుంది కనుక భారతదేశపు ద్రాక్ష రైతులు దాన్ని వేరు మొక్కగా పట్టుకున్నారు. నాసిక్‌లోనూ హైదరాబాద్ చుట్టుపక్కలా పందిరి కింద నిలబడి కాండాన్ని తడిమితే, కింది భాగంలో అంటు ముడి చేతికి తగులుతుంది. ముడికి పైన థాంప్సన్ సీడ్‌లెస్, కింద టెక్సస్ తీగ.