కుందేలు ఇచ్చిన సమాధానం

శాస్త్రజ్ఞుడి పుస్తకానికి సాహిత్య పత్రికలో ఏం పని అని కొందరు అడగవచ్చు. క్లోద్ బెర్నార్ 1865లో వెలువరించిన 'ప్రయోగాత్మక వైద్య అధ్యయనానికి ప్రవేశిక' విషయంలో ఆ ప్రశ్న నిలవదు. ఫ్రెంచి నవలాకారుడు ఎమిల్ జోలా 1880 నాటి తన 'ప్రయోగాత్మక నవల'లో సాహిత్య సిద్ధాంతాన్నంతా దాని మీదే నిలబెట్టాడు. కాలేజీ రోజుల్లో నేను ముందుగా విన్నది జోలా వాదనే. నమ్మాను కూడా. అసలు పుస్తకాన్ని, 1927లో వచ్చిన ఇంగ్లీషు అనువాదంలో, చాలా ఏళ్ళ తర్వాత చదివాను. చదివాక ఆ నమ్మకం సడలింది. ఎందుకు సడలిందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

బెర్నార్ 1813లో సేన్ జూలియా అనే పల్లెలో, ద్రాక్షతోటలు సాగుచేసే ఇంట్లో పుట్టాడు. లియాన్ నగరంలో మందుల దుకాణంలో పని నేర్చుకుంటూ నాటకాలు రాశాడు. ఒక చిన్న హాస్యనాటిక అక్కడ ఆడింది కూడా. ఆ ధైర్యంతో ఐదంకాల నాటకం ఒకటి చంకన పెట్టుకుని 1834లో పారిస్ వెళ్ళి, సేన్ మార్క్ జిరార్దేన్ అనే విమర్శకుడికి చూపించాడు. ఆయన చదివి, బతుకుతెరువుకు వైద్యం నేర్చుకోమన్నాడు. విమర్శకులు లోకానికి చేసిన మేళ్ళలో ఇంతకు మించినది నాకు తెలియదు. బెర్నార్ తర్వాత మజాందీ శిష్యుడై, 1855లో కాలేజ్ ద ఫ్రాన్స్‌లో ఆ గురువు స్థానంలోనే ఆచార్యుడయ్యాడు.

పుస్తకానికి ప్రాణం అందులోని కుందేళ్ళ కథ. ఒకరోజు బజారు నుంచి తెచ్చిన కుందేళ్ళు ప్రయోగశాల బల్ల మీద మూత్రం పోశాయి. అది తేటగా, ఆమ్లగుణంతో ఉంది. గడ్డి మేసే జంతువులది మడ్డిగా, క్షారగుణంతో ఉండాలి. తేటగా ఉండేది మాంసాహారులది. ఇవి తిండిలేక తమ ఒంటి కండనే కరిగించుకుంటున్నాయేమోనని ఆయన ఊహించాడు. గడ్డి పెట్టాడు, మడ్డిదైంది. పస్తుంచాడు, మళ్ళీ తేటపడింది. అంతటితో తృప్తిపడలేదు. గుర్రం మీద చూశాడు. కుందేళ్ళకు ఉడికించిన గొడ్డుమాంసం పెట్టి చూశాడు. ఊహ నిలిచింది. ఆ కుందేళ్ళను కోసి చూస్తుంటే మరో సంగతి కంటబడింది. కొవ్వును మోసే తెల్లని నాళాలు జఠరం దాటగానే కాక, సుమారు 30 సెంటీమీటర్ల దిగువన కనిపించాయి. కుందేలులో క్లోమరసం పేగులోకి దిగేది ఆ దరిదాపుల్లోనే. కొవ్వు జీర్ణం కావడంలో క్లోమం పాత్రను ఆయన అలా పట్టుకున్నాడు.

కాలేయం కథా ఇంతే. చక్కెరను మొక్కలే తయారుచేస్తాయి, జంతువులు ఖర్చు పెట్టడమే తప్ప చేసుకోలేవు అన్నది నాటి పండితుల మాట. ఒంట్లో చక్కెర ఎక్కడ ఖర్చవుతుందో వెతకబోయిన బెర్నార్, అది కాలేయంలో తయారవుతోందని 1848లో కనుక్కున్నాడు. 1857లో దాని మూలపదార్థమైన గ్లైకోజెన్‌ను వేరుచేశాడు. వెతికింది ఒకటి, దొరికింది ఇంకొకటి. ఈ సంగతి దాచకుండా, ఊహ తప్పిన చోట తప్పిందని రాయడమే ఆయన వచనంలోని అందం. 1868లో ఫ్రెంచి అకాడమీ ఆయన్ని సభ్యుడిగా తీసుకుంది.

మింగుడుపడని భాగమూ ఉంది. ప్రాణమున్న జంతువులను కోయడాన్ని సమర్థిస్తూ, శాస్త్రజ్ఞుడికి తన ఆలోచన తప్ప నెత్తురూ అరుపులూ పట్టవన్న ధోరణిలో రాస్తాడు. కురారే విషం కదలికను ఆపుతుందే తప్ప స్పర్శను ఆపదని చూపించినవాడే ఇలా రాయడం నన్ను కలవరపెడుతుంది. భార్య ఈ కోతలను అసహ్యించుకుంది. చివరికి ఇద్దరూ విడిపోయారు. మధుమేహం గురించి మనకు తెలిసినదానిలో ఆ జంతువుల బాధ కలిసి ఉంది. ఆ ఫలితాన్ని అనుభవిస్తూ బెర్నార్ ఒక్కణ్ణే దోషిగా నిలబెట్టలేను. అలాగని ఆ పేజీలను మెచ్చుకోనూ లేను.

ఇక జోలా. వైద్యుడు అన్నచోట నవలాకారుడు అని మార్చుకుంటే చాలునన్నాడు. చాలదు. బెర్నార్ కుందేలుకు బెర్నార్ ఊహతో నిమిత్తం లేదు. అది కాదనగలదు. నవలలో పాత్రకు తిండి పెట్టేదీ, పస్తుంచేదీ, ఫలితం రాసేదీ ఒక్క చెయ్యే. దాన్ని ప్రయోగం అనడం మాటల గారడీ. ఈ మాట విని జవాబివ్వడానికి బెర్నార్ లేడు, 1878లోనే పోయాడు.

అయితే రచయిత నేర్వదగింది ఏమీ లేదా? ఉంది. మన పత్రికలకు వచ్చే కథలే చూడండి. ఇంట్లో తెలుగు మానేసిన కొడుకు ఆఖరి పేజీలో పశ్చాత్తాపపడి తీరతాడు. నేనూ అలాంటి కథ ఒకటి రాశాను. ఆ కొడుకు కన్నడంలోనో తమిళంలోనో హాయిగా బతుకుతున్నాడేమో, తల్లి మీద ప్రేమ ఏమీ తగ్గలేదేమో అని ఒక్కసారి అడిగి చూడలేదు. జవాబు ముందే రాసిపెట్టుకున్నాను. బల్ల మీద కనిపించిన తడిని తుడిచేసి నా సిద్ధాంతం నేను చెప్పుకున్నాను.

పద్ధతిని అరువు తెచ్చుకోలేం గాని, ఆ సందేహాన్ని తెచ్చుకోవచ్చు. ఆ కథ మళ్ళీ రాయాలని ఉంది. ఈసారి కొడుకు ఏమంటాడో నాకింకా తెలియదు.