శకయవనపాత్ర విమర్శ

‘శూద్రాణామనిరవసితానామ్’ (2-4-10) అను పాణినిసూత్రమును బోధించునప్పుడు భాష్యమందలి ‘శకయవనమ్’ అను రూపమునకు ఏకవచనసాధుత్వమును జూపి ముందునకు సాగుట పరిపాటి. శకయవనులు ఆర్యావర్తమునకు వెలుపలివారు గదా యని శంకించి పతంజలి నివాసలక్షణమును విడిచి పాత్రలక్షణమునకు వచ్చినాఁడు. ఎవరు భుజించిన పాత్రము సంస్కారముచే శుద్ధమగునో వారు అనిరవసితులు. ఆ జాతుల సంబంధమునకు మనకు మిగిలిన శ్రేష్ఠసాక్ష్యమును పాత్రమే యగుట గమనింపఁదగినది.

1830లో నల్లసముద్రప్రాంతమందలి కెర్చి నగరముచెంత కుల్-ఒబా యను సమాధిదిబ్బలో, బంగారమును వెండియుఁ గలిసిన లోహముతోఁ జేసిన యొక చిన్నపాత్రము దొరకినది. అది క్రీ. పూ. 4వ శతాబ్దమునాఁటి యవనశిల్పము. నేఁడు రుష్యాలోని హెర్మిటేజ్ ప్రదర్శనశాలయం దున్నది. యవనులు స్కుథులనియు, పారసీకులు శకులనియుఁ బిలిచినవారి యోధులే దానిపై నున్నారు. ఒకఁడు వింటికి నారి యెక్కించుచున్నాఁడు. ఒకఁడు తోడివాని నోట వ్రేళ్లుపెట్టి పంటిబాధను మాన్పఁజూచుచున్నాఁడు. వేఱొకఁడు మిత్రుని కాలికిఁ గట్టు కట్టుచున్నాఁడు. యుద్ధ మించుకయు లేదు. ఇది శత్రువును జూచిన చూపు గాదు. ఇందుఁ గర్త యవనుఁడు, కర్మ శకుఁడు, పాత్రము శకప్రభువుతోఁ బాతిపెట్టఁబడినది గావున సంప్రదానమును శకుఁడే.

మన దేశమున శాసనకవి చూపు వేఱు. పూర్వపుఁ గరీంనగరమండలమందలి కోటిలింగాలలో సిముకుని నాణెములు లభించినవి. ఆ సాతవాహనవంశజుఁడైన గౌతమీపుత్రుని నాసికశాసనము శకయవనపహ్లవనిషూదనుఁ డన్నది. ఆ సమాసమున శకుఁడు వధ్యుఁడు మాత్రమే.

శిల్పి యట్లు చూడలేదు. నాగార్జునకొండ రాజప్రాసాదస్థలమున దొరకిన స్తంభముపై నిడుపుచేతుల కంచుకమును, కాళ్లచట్టయుఁ దొడిగి, శిరోవేష్టనముతో బల్లెముఁ బట్టిన శకభటుఁ డున్నాఁడు. లాంగ్‌హర్స్ట్ 1938లో దీనిని బ్రకటించినాఁడు. దీనిని యవనానుకరణ మనుట నాకు సమ్మతము గాదు. కంచుకముఁ జూచి కర్తను నిర్ణయింపరాదు. ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని దేవి రుద్రధరభట్టారిక ఉజ్జయినీరాజపుత్రి. ఉజ్జయిని యప్పుడు శకక్షత్రపుల నగరము. శకుఁడైన మోదుని సోదరి బుధి దానమును నాగార్జునకొండ శాసనమే తెలుపుచున్నది. శిల్పికి శకులు కన్నులయెదుటనే యుండఁగా యవనప్రతిమతోఁ బని యేమి?

అచ్చటనే, అర్ధనగ్నుఁడై కొమ్ముపాత్రముఁ బట్టిన గడ్డపువాని రూపముగల మఱియొక స్తంభ మున్నది. దానియందుమాత్రము యవనచ్ఛాయ స్పష్టము. అందు నాకు వివాదము లేదు.