రిప్లీ చివరి నివేదిక

'ఏలియన్' (1979, దర్శకుడు రిడ్లీ స్కాట్) ముగింపు మీద స్త్రీవాద విమర్శకుల మధ్య తగవు ఇంకా తెగలేదు. నౌకలో ఉన్న ఏడుగురిలో ఆరుగురు పోయాక రిప్లీ ఒక్కతే, ఒక పిల్లిని వెంటబెట్టుకుని, చిన్న నౌకలో తప్పించుకుంటుంది. గండం గడిచిందనుకుని పని దుస్తులు విప్పేసి, లోదుస్తుల్లో నిద్రకు సిద్ధమవుతుంది. ఆ జీవి అక్కడే గొట్టాల మధ్య ముడుచుకుని ఉంటుంది.

అంత తెగువ చూపిన మనిషిని చివరికి అలా ఎందుకు నిలబెట్టారు? సినిమా నిండా భయపెట్టే తల్లి రూపాలేనంటుంది బార్బరా క్రీడ్ 'ది మాన్‌స్ట్రస్ ఫెమినిన్' (1993)లో. గుడ్లు, గర్భాన్ని తలపించే దారులు, 'మదర్' అని పిలిచే కంప్యూటర్. ఆ భయాన్ని చల్లార్చడానికే, చూడ్డానికి ఇంపైన ఒక ఆడ శరీరం ముగింపులో ఊరటగా కనిపిస్తుందని ఆమె వాదన. పరిశోధన చేసే రోజుల్లో నాకిది తిరుగులేని మాటగా తోచేది.

ఈమధ్య బీరంగూడలో మా ఇంట్లో ఆ సినిమా మళ్ళీ చూశాను. పక్క వాటాలో ఉండే ఆమె కూడా నాతో కూర్చుంది. మాత్రల కంపెనీలో ప్యాకింగ్ పని ఆమెది. ఆ దృశ్యం దగ్గర ఆపి క్రీడ్ వాదన చెప్పాను. "గదేంది మేడమ్, డ్యూటీ దిగినంక బట్టలు మార్చుకోదా?" అంది. షిఫ్టు నుంచి వచ్చి, ఆ వాసన బట్టలు బకెట్లో పడేస్తే గానీ బిడ్డను ఎత్తుకోని మనిషి ఆమె.

ఆ మాట నన్ను సినిమా మొదటికి తీసుకెళ్ళింది. అక్కడ సిబ్బంది, మగవాళ్ళతో సహా, దాదాపు ఇలాంటి తెల్లటి లోదుస్తుల్లోనే నిద్ర లేస్తారు. అలా మొదలైన డ్యూటీని రిప్లీ ఒక్కతే ముగిస్తోంది. కెమెరా చూపు మాత్రం రెండు చోట్లా ఒకటి కాదు, చివర్లో ఆమె ఒంటి మీద ఎక్కువసేపు ఆగుతుంది. క్రీడ్ అభ్యంతరాన్ని నేను కొట్టిపారేయను. కానీ తగవంతా బట్టల చుట్టూ తిరగడంతో, ఆ జీవిని బయటికి విసిరేశాక రిప్లీ ఏం మాట్లాడిందో మనం సరిగ్గా వినలేదు.

ఆమె నివేదిక రికార్డు చేస్తుంది. చనిపోయినవాళ్ళ పేర్లు చదువుతుంది. సరుకూ నౌకా నాశనమయ్యాయని చెబుతుంది. ఆ జీవిని తీసుకురావాలి, సిబ్బంది పోయినా ఫరవాలేదు అన్న కంపెనీ రహస్య ఉత్తర్వును కంప్యూటర్ తెర మీద స్వయంగా చూసిన మనిషే, నివేదికలో దాని ఊసెత్తదు. ఆ ఉత్తర్వును అమలుచేసిన మరమనిషి ఆష్ పేరు కూడా మృతుల వరసలోనే చేరుతుంది.

అలసట అనుకోవచ్చు. నాకు మాత్రం నివేదిక భాషే అలాంటిదనిపిస్తుంది. మృతులకు, సరుకుకు, నౌకకు అందులో చోటుంది. కారణానికి లేదు. జేమ్స్ కామెరాన్ 'ఏలియన్స్' (1986)లో, 57 ఏళ్ళ నిద్ర తర్వాత, విచారణలో ఆమె ఆ మాట చెబుతుంది. కంపెనీ ఉత్తర్వు మీదే అక్కడ దిగామంటుంది. వాళ్ళు నౌక ఖరీదు లెక్క చెప్పి ఆమె లైసెన్సును నిరవధికంగా సస్పెండ్ చేస్తారు.

2025 జూన్ 30న మాకు దగ్గర్లోని పాశమైలారంలో, సిగాచీ ఇండస్ట్రీస్ పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో చాలామంది పరాయి రాష్ట్రాల నుంచి వచ్చిన కార్మికులు. ఎవరి శరీరం ఎవరిదో తేల్చడానికి డి.ఎన్.ఎ. పరీక్షలు చేయాల్సివచ్చింది. పేర్ల జాబితా కోసం ఎదురుచూసిన ఈ ప్రాంతంలో కూర్చుని రిప్లీ ఆ పేర్లు చదవడం వింటే, అది సినిమా ముగింపులా అనిపించదు.

రిప్లీ వారసత్వం అనగానే తుపాకీ పట్టిన వీరనారి గుర్తొస్తుంది. నాకు గుర్తుండేది వేరే రిప్లీ. జీవి ముఖానికి కరుచుకున్న కేన్‌ను లోపలికి తెచ్చినప్పుడు, 24 గంటలు విడిగా ఉంచాలన్న నిబంధన చెప్పి తలుపు తీయనన్నది ఆమె ఒక్కతే. పైవాడైన కెప్టెన్ తీయమన్నాడు, ఆష్ తీశాడు. నిబంధన గుర్తుచేసిన ఆడది మనసులేనిదైంది. ఆమె మాట చెల్లివుంటే అంతమంది పోయేవారు కారు.

సినిమా అయిపోయాక మా పక్కింటామె లేస్తూ, "కంపెనీ సంగతి చెప్పకపాయె గదా?" అంది. బట్టల గురించి ఇన్నేళ్ళు చదివిన నాకు ఆ ప్రశ్న తట్టనే లేదు.